రుడాల్ఫ్ డీజిల్ – ఇంజను, నాజిలు

మీ ఊళ్ళో ఆయిలింజను ఉన్నదా? కాలువ గట్టు మీదనో, బావి దగ్గరనో, రైసు మిల్లులోనో మీరు దాన్ని చూసే ఉంటారు. మీలో కొందరు దాన్ని నడిపి ఉంటారు, విప్పి బిగించి కూడా ఉంటారు. కరెంటు మోటార్లు వచ్చిన తరువాత పొలాల్లో ఆయిలింజన్లు తగ్గాయి. కాని ట్రాక్టరులో, లారీలో, బస్సులో, జనరేటరులో పనిచేస్తున్నది ఆ జాతి ఇంజనే. బంకుకు వెళ్ళి డీజిలు పోయించుకుంటాం, డీజిలు ధర పెరిగిందని మాట్లాడుకుంటాం. ఆ మాట ఒక మనిషి ఇంటిపేరు అన్న సంగతి చాలామందికి తోచదు.

ఈ పాఠంలో మీరు ఆ మనిషి జీవితాన్ని చదువుతారు. దానితోపాటు ఆయన ఇంజనులోని ఒక చిన్న భాగాన్ని గురించి, అంటే ఇంధనాన్ని చిమ్మే నాజిలును గురించి, దానిని కారకుండా బిగించే పద్ధతిని గురించి కూడా తెలుసుకుంటారు. ఈ రెంటినీ ఎందుకు కలిపామని మీరు అడగవచ్చు. డీజిల్ జీవితంలో ఎన్నో సంవత్సరాలు ఇంధనాన్ని సిలిండరులోకి పంపే ఆ ఒక్క చోటనే గడిచిపోయాయి. ఇవాళ మీరు స్పానరు పట్టుకొని నిలబడేది కూడా ఆ చోటనే.

తోపుడుబండి నుంచి పాలిటెక్నిక్ వరకు

రుడాల్ఫ్ డీజిల్ 1858 మార్చి 18న పారిస్ నగరంలో పుట్టాడు. తల్లిదండ్రులు జర్మన్లు. తండ్రి థియోడర్ స్వస్థలం ఆగ్స్‌బర్గ్. పుస్తకాలకు అట్టలు కట్టడం, తోలు వస్తువులు చేయడం ఆయన వృత్తి. ముగ్గురు పిల్లల్లో రుడాల్ఫ్ రెండవవాడు. తండ్రి చేసిన వస్తువులను తోపుడుబండి మీద పెట్టుకొని కొన్నవారి ఇళ్ళకు చేర్చడం ఆ పిల్లవాడి పని. తీరిక దొరికితే పారిస్‌లోని యంత్రాల ప్రదర్శనశాలకు వెళ్ళి పాత ఆవిరి యంత్రాలను చూస్తూ గడిపేవాడు.

1870లో ఫ్రాన్సుకూ ప్రష్యాకూ యుద్ధం వచ్చింది. పారిస్‌లో ఉన్న జర్మన్ కుటుంబాలు ఊరు విడిచి పోవలసి వచ్చింది. డీజిల్ కుటుంబం లండన్ చేరింది. అక్కడ బతుకు కష్టమైంది. పన్నెండేళ్ళ రుడాల్ఫ్‌ను ఒంటరిగా ఆగ్స్‌బర్గ్‌లోని బంధువుల ఇంటికి పంపారు. ఆ ఇంటాయన లెక్కల మాస్టారు. ఈ పుస్తకం చదువుతున్న మీలో చాలామంది ఏదో ఒక కారణం వలన బడి మధ్యలో మానినవారే. ఊరు మారి, భాష మారి, తల్లిదండ్రులకు దూరంగా చదువు కొనసాగించిన ఆ పిల్లవాడి స్థితి మీకు కొత్తగా అనిపించదు.

పద్నాలుగేళ్ళ వయసులో తాను ఇంజనీరు అవుతానని తల్లిదండ్రులకు ఉత్తరం రాశాడు. తరగతిలో మొదటివాడుగా నిలిచాడు. 1875లో మ్యూనిక్ పాలిటెక్నిక్‌లో చదవడానికి ఉపకార వేతనం దొరికింది. కొడుకు చదువు ఆపి సంపాదనలో పడితే బాగుండునని తల్లిదండ్రులు కోరుకున్నారు. రుడాల్ఫ్ వినలేదు.

మ్యూనిక్‌లో ఆయనకు కార్ల్ ఫాన్ లిండే అనే ఆచార్యుడు దొరికాడు. యంత్రంతో చలిని పుట్టించి మంచు తయారుచేసే విధానాన్ని అభివృద్ధి చేసిన శాస్త్రజ్ఞుడు ఈయనే. ఒకనాడు ఆయన పాఠం చెబుతూ, బొగ్గులో ఉన్న వేడిలో ఆవిరి యంత్రం పదో వంతుకు మించి పనిగా మార్చలేదని వివరించాడు. మిగిలినదంతా పొగ గొట్టం వెంట వృథాగా పోతున్నది. ఈ మాట డీజిల్ మనసులో నాటుకుపోయింది. నోటు పుస్తకం అంచున గుర్తుగా రాసుకున్నాడు. అప్పటి నుంచి ఆయన ఆలోచన అంతా ఆ వృథా చుట్టే తిరిగింది.

1879లో టైఫాయిడ్ జ్వరం రావడం వలన చివరి పరీక్ష తప్పిపోయింది. మరుసటి పరీక్ష వచ్చేదాకా ఖాళీగా కూర్చోకుండా స్విట్జర్లాండులోని ఒక యంత్ర కర్మాగారంలో పని నేర్చుకున్నాడు. 1880లో పరీక్ష రాసి అత్యున్నత శ్రేణిలో ఉత్తీర్ణుడయ్యాడు.

నిప్పురవ్వ లేని మంట

లిండే తన శిష్యుణ్ణి పారిస్‌లోని మంచు కర్మాగారం పనికి పంపాడు. పదేళ్ళపాటు డీజిల్ అక్కడ పనిచేశాడు. 1883లో మార్తా ఫ్లాషే అనే యువతిని పెళ్ళి చేసుకున్నాడు. వారికి ముగ్గురు పిల్లలు. పగలు ఉద్యోగం, మిగతా వేళల్లో ప్రయోగాలు. నీటి ఆవిరికి బదులు అమ్మోనియా ఆవిరితో ఇంజను నడపాలని కొన్నేళ్ళు తంటాలు పడ్డాడు. అది ఫలించలేదు. 1890లో కుటుంబంతో బెర్లిన్ వచ్చేశాడు. ఆ తరువాత అమ్మోనియాను వదిలి మామూలు గాలిని పట్టుకున్నాడు.

ఆయన ఆలోచన అర్థం కావాలంటే సైకిలు పంపును గుర్తు తెచ్చుకోండి. ట్యూబులోకి గాలి గబగబా కొట్టిన తరువాత పంపు అడుగు భాగం ముట్టుకుంటే వెచ్చగా ఉంటుంది. ఇందులో రాపిడి వలన పుట్టిన వేడి కొంత, గాలిని నొక్కడం వలన పుట్టిన వేడి కొంత. గాలిని ఇంకా చాలా ఎక్కువగా, చాలా వేగంగా నొక్కితే ఏమవుతుంది? అందులో పడిన నూనె తనంతట తానే అంటుకునేంత వేడి పుడుతుంది. అగ్గిపుల్ల అవసరం లేదు, నిప్పురవ్వ అవసరం లేదు. ఆగ్నేయాసియాలోని మలయా ప్రాంతపు ప్రజలు ఇదే సూత్రంతో నిప్పు చేసుకొనేవారు. సన్నని గొట్టంలో కొంచెం దూది వంటిది పెట్టి, బిరడాను ఒక్క దెబ్బతో లోపలికి కొడితే అది రాజుకునేది. మ్యూనిక్‌లో విద్యార్థిగా ఉన్నప్పుడు డీజిల్ ఇటువంటి పరికరాన్ని చూశాడని చెబుతారు.

పెట్రోలు ఇంజనులో పెట్రోలు, గాలి కలిసిన మిశ్రమాన్ని నొక్కి, స్పార్కు ప్లగ్గుతో అంటిస్తారు. డీజిల్ ఇంజనులో నొక్కేది ఉత్త గాలిని మాత్రమే. నొక్కడం పూర్తయ్యే క్షణంలో ఇంధనాన్ని సన్నని తుంపరలుగా లోపలికి చిమ్ముతారు. గాలిని ఎంత ఎక్కువగా నొక్కితే అంత లాభం, ఇంధనం అంత ఆదా.

1893 ఫిబ్రవరిలో డీజిల్‌కు జర్మన్ పేటెంటు లభించింది. అదే సంవత్సరం తన సిద్ధాంతాన్ని వివరిస్తూ ఒక చిన్న పుస్తకం ప్రచురించాడు. అందులోని లెక్క ప్రకారం గాలిని 250 వాతావరణ పీడనాల దాకా నొక్కాలి. ఆ రోజుల్లో అటువంటి సిలిండరును ఎవరూ పోతపోయలేరు. చదివినవారిలో చాలామంది పెదవి విరిచారు. డీజిల్ లెక్కలు సవరించుకొని ఆ అంకెను బాగా తగ్గించాడు. చివరికి ఆగ్స్‌బర్గ్ యంత్ర కర్మాగారం అధిపతి హైన్రిక్ ఫాన్ బుట్స్ ప్రయోగాలకు చోటు ఇచ్చాడు. క్రుప్ సంస్థ డబ్బు పెట్టింది.

ఇక్కడ కాసేపు ఆగి ఒక ప్రశ్నకు జవాబు ఆలోచించండి. సిలిండరులో గాలి అప్పటికే ముప్పై నలభై రెట్లు బిగుతుగా ఉన్నది. అందులోకి చెంచాలో చిన్న భాగమైనా లేని నూనెను, సరిగ్గా ఒక్క క్షణంలో, తుంపరలుగా పంపాలి. మీరైతే ఎలా పంపుతారు? జవాబు దొరకకపోతే నిరాశ పడవద్దు. డీజిల్‌కు కూడా వెంటనే దొరకలేదు.

ఆగ్స్‌బర్గ్‌లో నాలుగేళ్ళు

మొదటి ఇంజను నిలువు సిలిండరుతో, దాదాపు మూడు మీటర్ల ఎత్తున నిలబడింది. మొదట్లో పిస్టన్ పక్కల నుంచి గాలి తప్పించుకుపోయి, అనుకున్న పీడనం రాలేదు. అన్నీ సరిచేసుకొని 1893 ఆగస్టు 10న మొట్టమొదటిసారి ఇంధనం లోపలికి పంపారు. ఇంధనం అంటుకున్నది. పీడనం ఎంత వేగంగా పెరిగిందంటే, దాన్ని కొలిచే పరికరం పగిలి ముక్కలు ఎగిరిపడ్డాయి. దగ్గర ఉన్నవారు బతికి బయటపడ్డారు. ఇంజను తనంతట తాను నడవలేదు. అయితే ఆ పేలుడే డీజిల్‌కు కావలసిన రుజువు. నిప్పురవ్వ లేకుండా మంట పుడుతుందని తేలిపోయింది.

ఆరు నెలల మార్పుల తరువాత, 1894 ఫిబ్రవరి 17న ఇంజనును మళ్ళీ కర్మాగారపు బెల్టుతో తిప్పుతున్నారు. ఉన్నట్టుండి బెల్టు లాగుడు తిరగబడింది. బెల్టు ఇంజనును తిప్పడం మాని, ఇంజనే బెల్టును లాగడం మొదలుపెట్టింది. మొదట దాన్ని గమనించినది దగ్గర నిలబడిన ఒక పనివాడు. ఆయన ఏమీ మాట్లాడకుండా తలమీది టోపీ తీశాడని చెబుతారు. ఆ నడక ఒక్క నిమిషం సాగింది.

ఒక్క నిమిషం నడవడానికీ, రోజంతా నడవడానికీ మధ్య ఇంకో మూడేళ్ళు పట్టింది. చిక్కంతా మనం పైన వేసుకున్న ప్రశ్న దగ్గరే. నూనెను పంపుతో నేరుగా నొక్కి పంపాలన్నది డీజిల్ మొదటి ప్రయత్నం. అప్పటి పంపులు అంత పీడనాన్ని తట్టుకొనేవి కావు. అతుకుల దగ్గర కారేవి. అంత చిన్న కొలతలో ప్రతిసారీ సమానంగా పంపడం వాటి వలన కాలేదు. విసిగి వేరే దారి తొక్కాడు. సిలిండరులోని గాలికంటే ఇంకా ఎక్కువ పీడనంలో ఉన్న గాలిని వేరుగా తయారుచేసి, ఆ గాలి విసురుతో నూనెను లోపలికి ఊదించాడు. ఈ పద్ధతి పనిచేసింది. నూనె చక్కగా తుంపరలైంది.

దానికి చెల్లించిన మూల్యం కూడా చిన్నది కాదు. గాలిని నొక్కడానికి ఇంజను పక్కనే ఇంకొక కంప్రెసరు కావాలి. అది ఇంజను బలంలో కొంత తినేస్తుంది, బరువు పెంచుతుంది, చోటు ఆక్రమిస్తుంది. పైగా నూనెను లోపలికి వదిలే సూది వాల్వు ఒకటి ఉండేది. గాలి బయటికి పోకుండా ఆ సూది చుట్టూ ప్యాకింగు దట్టించి, పైన నట్టు బిగించేవారు. కొంచెం వదులైతే గాలి, నూనె బుసబుసమని బయటికి వచ్చేవి. కొంచెం ఎక్కువ బిగిస్తే సూది కదలక పట్టుకుపోయేది. సూది తెరుచుకొని అలాగే ఇరుక్కుంటే ప్రమాదం. ఎంత బిగించాలో చెప్పే కొలత ఏదీ లేదు. పనివాడి చేయి చెప్పినదే కొలత.

1897 ఫిబ్రవరి 17న మ్యూనిక్ ఆచార్యుడు మోరిట్స్ ష్రోటర్ ఇంజనును అధికారికంగా పరీక్షించాడు. ఇంధనంలోని వేడిలో 26.2 శాతం పనిగా మారిందని తేలింది. లిండే తరగతిలో విన్న పదో వంతుతో పోల్చి చూడండి. బలం సుమారు 18 గుర్రాలు, వేగం నిమిషానికి 154 చుట్లు. ఇవాళ మీ పొలంలోని ఇంజనుకు ఈ వేగం చాలా తక్కువగా తోచవచ్చు. ఆ కాలానికి అది ప్రపంచంలోకెల్లా పొదుపైన ఇంజను.

పేరు, డబ్బు, అప్పు

దేశదేశాల వారు పేటెంటు హక్కుల కోసం వరుసకట్టారు. అమెరికాలో బీరు వ్యాపారి అడాల్ఫస్ బుష్ ఆ దేశపు హక్కులకు పది లక్షల మార్కులు చెల్లించాడు. నలభై ఏళ్ళు నిండకముందే డీజిల్ ధనవంతుడయ్యాడు. మ్యూనిక్‌లో రాజభవనం వంటి ఇల్లు కట్టించాడు.

ఇంజన్లు మాత్రం అంత సులభంగా లొంగలేదు. 1898లో కెంప్టెన్ ఊరిలోని ఒక అగ్గిపెట్టెల కర్మాగారానికి 60 గుర్రాల ఇంజనును అమ్మారు. అది మాటిమాటికీ ఆగిపోతూ అందరికీ తలనొప్పి తెచ్చిపెట్టింది. ప్రయోగశాలలో నేర్పరులు దగ్గరుండి నడిపిన యంత్రం వేరు, కర్మాగారంలో మామూలు పనివాళ్ళు నడిపే యంత్రం వేరు. డీజిల్ సొంతంగా ఆగ్స్‌బర్గ్‌లో పెట్టించిన ఇంజన్ల ఫ్యాక్టరీ నిలబడలేదు. పేటెంటు మీద దావాలు వచ్చాయి. పని ఒత్తిడి వలన ఆరోగ్యం దెబ్బతిని కొన్ని నెలలు ఆరోగ్యశాలలో గడపవలసి వచ్చింది. ఇంజనును నమ్మకంగా నడిచేటట్లు తీర్చిదిద్దినది ఎక్కువగా ఆగ్స్‌బర్గ్ ఇంజనీర్లు. వారిలో ఇమానుయేల్ లౌస్టర్ పేరు ప్రత్యేకంగా చెప్పుకోవాలి. చరిత్ర పుస్తకాలు ఇటువంటివారిని ఒక వాక్యంతో దాటిపోతాయి. ఈ పాఠం కూడా అంతే చేస్తున్నది, ఒప్పుకొంటున్నాను.

డబ్బు విషయంలో డీజిల్ జాగ్రత్తపరుడు కాడు. స్థలాల వ్యాపారంలో, నూనె బావుల్లో పెట్టుబడులు పెట్టి నష్టపోయాడు. వేడి లెక్కలు అంత సూక్ష్మంగా వేసిన మనిషి ఇంటి ఖర్చుల లెక్క ఎందుకు వేయలేకపోయాడో ఆశ్చర్యం. కార్మికులు చిన్న మొత్తాలు కూడబెట్టి సొంత పరిశ్రమలు నడుపుకోవచ్చునని ప్రతిపాదిస్తూ 1903లో ఒక పుస్తకం రాశాడు. ఇంజనుకంటే ఆ పుస్తకాన్నే ఆయన గొప్పగా తలచాడు. కొన్నవాళ్ళు కొద్దిమందే.

ఈలోగా ఇంజను లోకం చుట్టసాగింది. 1900లో పారిస్ ప్రపంచ ప్రదర్శనలో ఒక డీజిల్ ఇంజను వేరుశనగ నూనెతో నడిచింది. చూసినవారిలో చాలామందికి అది వేరుశనగ నూనె అని తెలియనే లేదు. వేరుశనగ పండించే అనంతపురం, కర్నూలు ప్రాంతాల పాఠకులకు ఇది ఆసక్తి కలిగించే విషయం. మొక్కల నూనెలు ఒకనాటికి ముఖ్యమైన ఇంధనం కావచ్చునని డీజిల్ తన చివరి సంవత్సరాల్లో చెప్పేవాడు. 1903లో నదుల్లో, కాలువల్లో డీజిల్ పడవలు తిరిగాయి. 1912లో సెలాండియా అనే డానిష్ ఓడ డీజిల్ ఇంజన్ల బలంతో కోపెన్‌హాగన్ నుంచి బ్యాంకాక్ దాకా ప్రయాణం చేసింది.

ఒక్క మాట గుర్తుంచుకోండి. అన్నీ ఓడలు, మిల్లులు, విద్యుత్ కేంద్రాలే. బండి ఒక్కటీ లేదు. కంప్రెసరు బరువు మోసే లారీ ఎక్కడిది? రోడ్డు మీద తన ఇంజను పరుగెత్తడాన్ని డీజిల్ చూడలేదు.

1913 సెప్టెంబరు 29

ఆ రోజు సాయంత్రం డీజిల్ బెల్జియంలోని ఆంట్‌వెర్ప్ రేవులో డ్రెస్డెన్ అనే ఓడ ఎక్కాడు. ఇంగ్లండులో కొత్త ఇంజన్ల ఫ్యాక్టరీ పనికి సంబంధించి వెళుతున్నాడు. ఇద్దరు మిత్రులతో కలిసి భోజనం చేశాడు. రాత్రి పది గంటల ప్రాంతంలో తన గదికి వెళుతూ, ఉదయం ఆరుంబావుకు లేపమని చెప్పాడు. తెల్లవారేసరికి గదిలో లేడు. పడక నలగలేదు. టోపీ, కోటు డెక్కు మీద దొరికాయి. పది రోజుల తరువాత డచ్చి పడవవారికి సముద్రంలో ఒక శవం కనిపించింది. జేబులోని చిన్న వస్తువులు మాత్రం తీసుకొని శవాన్ని సముద్రానికే వదిలారు. మాత్రల డబ్బీ, కళ్ళజోడు పెట్టె వంటి ఆ వస్తువులు తన తండ్రివేనని కొడుకు యూజెన్ గుర్తించాడు.

ప్రయాణానికి ముందు భార్యకు ఒక సంచి ఇచ్చి, వారం దాకా తెరవవద్దని చెప్పాడట. అందులో 20,000 మార్కుల నోట్లు, బ్యాంకుల్లో ఏమీ మిగలలేదని చూపే కాగితాలు ఉన్నాయి. ఎవరో చంపారని పుకార్లు పుట్టాయి. వాటికి ఆధారం దొరకలేదు. అప్పుల వలన ఆయనే ప్రాణం తీసుకొని ఉంటాడని జీవితచరిత్రకారుల్లో ఎక్కువమంది భావిస్తారు. అప్పటికి ఆయన వయసు 55.

గాలి పోయి నాజిలు వచ్చింది

డీజిల్ మొదట ప్రయత్నించి వదిలేసిన దారిని ఇతరులు మళ్ళీ పట్టుకున్నారు. లోహాన్ని వెయ్యో వంతు మిల్లీమీటరు కొలతలో అరగదీసే నేర్పు కర్మాగారాలకు అబ్బిన తరువాతనే అది సాధ్యమైంది. జర్మనీలో రాబర్ట్ బాష్ సంస్థ 1922 చివర ఈ పని చేపట్టి, 1927లో డీజిల్ పంపులను పెద్ద సంఖ్యలో తయారుచేయసాగింది. కంప్రెసరు అవసరం పోయింది. ఇంజను తేలికై లారీ ఎక్కింది, ట్రాక్టరు ఎక్కింది, చివరకు కారు కూడా ఎక్కింది. మన దేశంలో 1951లో బెంగుళూరులో నెలకొన్న మైకో కంపెనీ ఈ పంపులకూ నాజిళ్ళకూ పేరుపడింది. 2008 నుంచి దాని పేరు బాష్. పాత మెకానిక్కులు ఇప్పటికీ మైకో నాజిలు అనే అంటారు. వారణాసిలో 1961లో ఏర్పడిన కర్మాగారం నుంచి 1964లో డీజిల్ రైలింజన్లు బయటకు రాసాగాయి.

నాజిలును చేతిలోకి తీసుకొని చూడండి. బాడీ, దానిలో సూది. రెంటి మధ్య సందు మిల్లీమీటరులో కొన్ని వేయోవంతులే. అందుకే ఒక బాడీలోని సూదిని మరొకదానిలో వేయకూడదు. అవి జంటగా అరగదీసినవి. స్ప్రింగు సూదిని కిందికి నొక్కి ఉంచుతుంది. పంపు నుంచి వచ్చే డీజిలు, పొలం ఇంజన్లలో సాధారణంగా 200 వాతావరణ పీడనాలకు అటూ ఇటూగా చేరినప్పుడు, సూదిని పైకి లేపి రంధ్రాల గుండా చిమ్ముతుంది.

ఇప్పుడు తడి సంగతి చూద్దాం. తడి ఎక్కడ ఉందో చూడకుండా స్పానరు పట్టుకోవద్దు. కారే చోట్లు ముఖ్యంగా మూడు. వాటి లక్షణాలు వేరు. పైపు నట్టు దగ్గర డీజిలు కారితే అది పైపు మొన సరిగా కూర్చోనందువలన. నాజిలును హోల్డరుకు బిగించే క్యాప్ నట్టు చుట్టూ కారితే లోపలి ముఖాల మధ్య మురికి ఉన్నదని గాని, బిగింపు చాలలేదని గాని అర్థం. ఇంజెక్టరు హెడ్డులో కూర్చునే చోట వచ్చేది డీజిలు కాదు, సిలిండరులోని మండిన వాయువు. నల్లటి మసి, చిట్‌చిట్‌మనే చప్పుడు దాని గుర్తులు. ఇవి కాక, నాజిలు మొన నుంచి చుక్కలు రాలుతుంటే అది సూది కూర్చునే చోటి అరుగుదల. ఎంత బిగించినా ఆ చుక్క ఆగదు. నాజిలును బాగుచేయించాలి, లేదా మార్చాలి.

కొన్నేళ్ళ క్రితం ఒక అధ్యయన కేంద్రంలో జనరేటరు ఇంజెక్టరు తడిగా ఉందని ఒక కుర్రవాడు స్పానరుకు ఇనుప గొట్టం తొడిగి బిగించడం చూశాను. తడి ఆగింది. సాయంత్రానికి ఇంజను నల్లటి పొగ కక్కింది. విప్పి చూస్తే సూది బాడీలో పట్టుకుపోయి ఉన్నది. అంత సన్నని సందు ఉన్న బాడీని నట్టు పిండేస్తే సూదికి చోటు ఎక్కడిది? ఆగ్స్‌బర్గ్ పనివాళ్ళ సూది ఇరుక్కున్నట్లే ఇదీ ఇరుక్కున్నది.

స్పానరు పొడవు రెట్టింపు చేస్తే, చేయి అంతే బలంతో లాగినా నట్టు మీద పడే తిప్పుడు బలం రెట్టింపవుతుంది. ఎంత పడిందో చేతికి తెలియదు. అందుకే టార్క్ రెంచి అనే కొలత స్పానరు వచ్చింది. ఏ నట్టుకు ఎంత అన్నది ఆ ఇంజను కంపెనీ పుస్తకంలో ఉంటుంది. ఒక ఇంజను అంకె మరొకదానికి పనికిరాదు.

క్యాప్ నట్టు బిగించే ముందు భాగాలన్నిటినీ శుభ్రమైన డీజిలులో కడగండి. గుడ్డతో, దూదితో తుడవకండి, పోగులు అంటుకుంటాయి. నాజిలుకూ హోల్డరుకూ మధ్య వాషరు ఏదీ ఉండదు. లోహం మీద లోహం కూర్చుంటుంది. ఒక్క ఇసుక రేణువు చాలు, అతుకు కారడానికి. పైన సర్దుబాటు స్క్రూ ఉన్న రకమైతే ముందు దాన్ని వదులు చేసి స్ప్రింగు బలం తగ్గించాలి. నట్టును చేతితో తిప్పగలిగినంత తిప్పి, తరువాతనే రెంచి పెట్టాలి. ఆ పైన నాజిలును టెస్టరు మీద పెట్టి చూపించుకోండి. చిమ్మే తుంపరకు చేయి అడ్డం పెట్టవద్దు. అది చర్మాన్ని చీల్చుకొని లోపలికి పోతుంది. పైకి సూదిపోటులాగే కనిపించినా వెంటనే ఆసుపత్రికి వెళ్ళాలి.

ఇంజెక్టరును హెడ్డులో దించేటప్పుడు అడుగున పాత రాగి వాషరు అతుక్కొని ఉందేమో వెతకండి. దాని మీద కొత్తది వేస్తే నాజిలు మొన పైకి లేచి, తుంపర పడవలసిన చోట పడదు. వాషరు ప్రతిసారీ కొత్తదే వేయాలి. ఒకసారి నలిగిన రాగి గట్టిపడి మళ్ళీ ఒదగదు. కొత్తది దొరకని పల్లెల్లో దాన్ని ఎర్రగా కాల్చి, చల్లార్చి, మెత్తబరచి వాడతారు. అది అప్పటికప్పుడు గడిచే పని మాత్రమే. రెండు నట్లతో పట్టే ఇంజెక్టరైతే ఇటు కొంచెం, అటు కొంచెం మార్చి మార్చి బిగించండి. ఒక పక్క పూర్తిగా బిగిస్తే ఇంజెక్టరు ఒరుగుతుంది, రెండో పక్క వాయువు తన్నుకొస్తుంది.

చివరగా పైపు. పైపు మొన దాని గుంటలో తిన్నగా కూర్చోవాలి. వంకరగా ఉంటే నట్టుతో లాగి సరిచేయవద్దు. మొదటి నాలుగు చుట్లు వేళ్ళతోనే పడాలి. పైపు నట్టును ఎక్కువ బిగిస్తే మొన నలిగి లోపలి రంధ్రం సన్నబడుతుంది. ఇంజనుకు డీజిలు చాలదు. మీరేమో పంపు చెడిపోయిందనుకొంటారు.

అన్నీ బిగించాక పైపుల్లోని గాలి తీసివేసి, అతుకులన్నిటినీ పొడిగా తుడిచి, ఇంజను స్టార్టు చేయండి. పది నిమిషాలు నడవనివ్వండి. వేలితో తడిమి చూడవద్దు. ఒక అట్టముక్కను అతుకుల దగ్గర పట్టుకొని చూడండి. దాని మీద తడి మచ్చ కనిపిస్తే, ముందు ఇంజను ఆపి, ఆ అతుకును విప్పి, మురికి ఎక్కడుందో వెతకండి.